తన పేరు తానే పిలిచే పిట్ట

సంస్కృతంలో టిట్టిభం, హిందీలో టిటహరీ, తెలుగులో తీతువు. మూడింటిలోనూ వినిపించేది ఆ పిట్ట గొంతే. ఇంగ్లీషువాళ్ళ చెవికి అదే కూత ‘డిడ్ హీ డూ ఇట్?’ అని నిలదీస్తున్నట్టు వినబడింది. కాకి, కోయిల, కీచురాయి కూడా ఇలా గొంతుతో పేరు సంపాదించుకున్నవే. తమిళులు మాత్రం తీతువు కూతను వదిలి అది చేసే పనిని చూశారు. ఆళ్‌కాట్టి అన్నారు, అంటే మనిషి జాడ చెప్పేది. నాకు ఆ పేరంటే ఎంతో ఇష్టం.

మన పల్లెల్లో రాత్రిపూట తీతువు కూస్తే ఎవరికో మూడిందని భయపడతారు. పాపం, దాని భయం దానిది!

పగలు ఏ చెరువు గట్టునో చూడండి. పొడవాటి పసుపు కాళ్ళు, నల్లటి తల, రొమ్ము, కంటి ముందు ఎర్రటి తోలు మడత. నాలుగడుగులు పరుగెత్తి, ఠక్కున ఆగి, వంగి పురుగును పొడుచుకుంటుంది. చెట్టెక్కదు. గూడంటారా, బీటి నేలలో చిన్న గుంట, చుట్టూ గులకరాళ్ళు, మేక పెంటికలు. అందులో నాలుగు గుడ్లు, కొసలు లోపలికి తిరిగి ఉంటాయి. మట్టి రంగు, పైన నల్లటి మచ్చలు. పక్కనే నిలబడినా కంటికి ఆనవు. ఎండ మండిపోతుంటే తల్లీతండ్రీ నీళ్ళలో పొట్ట ఈకలు తడుపుకొచ్చి గుడ్లను చల్లబరుస్తాయి.

కొమ్మ లేదు, కంచె లేదు. ఆ గుడ్లకు కాపలా గొంతొక్కటే. మన స్వరపేటిక గొంతులో ఉంటే, పక్షులకు గాలిగొట్టం రెండుగా చీలే చోట, ఛాతీలో ఉంటుంది. శాస్త్రజ్ఞులు దాన్ని సిరింక్స్ అంటారు. గ్రీకులో ఆ మాటకు రెల్లు గొట్టాల వేణువని అర్థం. తీతువు వేణువు తీయగా ఏమీ ఉండదు. నక్కో కుక్కో మనిషో అటు రాగానే పదునుగా మోగుతుంది. అది వినగానే పిల్లలు కదలకుండా నేలకు కరుచుకుపోతాయి. చుట్టుపక్కల మేసే జంతువులూ తలెత్తుతాయి. వేటగాళ్ళకు ఈ పిట్టంటే మంట.

పంచతంత్రం చెప్పినవాడు దీన్ని దగ్గరగా చూసే ఉంటాడని నా నమ్మకం. సముద్రపు ఒడ్డున, ఒట్టి నేల మీద గుడ్లు పెట్టిన టిట్టిభ దంపతుల కథ అందులో ఉంది. సముద్రం ఆ గుడ్లను లాక్కుపోతుంది. అవి ఊరుకోవు. పక్షులన్నిటినీ కూడగట్టి గరుత్మంతుడి దగ్గర మొరపెట్టుకుంటాయి. మొర విష్ణువు దాకా వెళ్తుంది. సముద్రం గుడ్లు తిరిగిచ్చేస్తుంది.