ఆకు ముందు నుంచి లేవని కనెక్షన్

సైటు గిరగిర తిరుగుతూ పేజీ రాకపోతే చాలు, "డేటాబేస్ మోయలేకపోతోంది తాతయ్యా, పెద్ద సర్వర్ కొనాలి" అంటారర్రా మీరు. ఆగండి. ముందు డేటాబేస్ మిషన్‌లో సీపీయూ ఎంత తింటోందో చూశారా? తొంభై శాతం దాటితే అది వేరే జబ్బు. ఇండెక్స్ లేని క్వెరీయో, ఎవరో నడిపిన పెద్ద రిపోర్టో అయ్యుంటుంది. పది, పదిహేను దగ్గర కునుకు తీస్తోందనుకోండి, బహుశా పని దాని దాకా రావడమే లేదన్నమాట.

పెళ్లి బంతి చూశారుగా! వంటాయన గరిటె పట్టుకుని ఖాళీగా నిలబడ్డాడు, పందిరి బయట జనం ఆకలితో నకనకలాడుతున్నారు. వేసినవి పది ఆకులే. మజ్జిగన్నం కూడా అయిపోయిన మావయ్యలు చెయ్యి కడుక్కోకుండా స్థలాల రేట్లు మాట్లాడుకుంటున్నారు. ఆ పది ఆకులే, డేటాబేస్‌కి మన కోడు తెరిచి ఉంచుకునే కనెక్షన్ పూల్. జావా వాళ్లు వాడే హికారీసీపీలో మనమేమీ చెప్పకపోతే పూల్ సైజు సరిగ్గా పదే. ఆకు ఖాళీ కాకపోతే 30 సెకన్లు చూసి ఎర్రర్ ఇచ్చేస్తుంది.

"అయితే వంద వేసేద్దాం" అంటాడు మీలో ఒక తెలివైనవాడు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఒక్కో కనెక్షన్‌కీ ఒక్కో ప్రాసెస్ పుట్టిస్తుందిరా నాయనా, మెమరీ ఊరికే రాదు. పైగా దాని మామూలు పరిమితే 100. అందులో 3 సూపర్‌యూజర్‌కి అట్టేపెడుతుంది. పన్నెండు అప్లికేషన్ సర్వర్లు తలా పది తీసుకుంటే 120! అప్పుడు "సారీ, టూ మెనీ క్లయింట్స్ ఆల్రెడీ" అని మర్యాదగానే తలుపేస్తుంది.

ఇక లెక్క చూద్దాం, నాకిష్టమైన భాగం ఇదే. ఒక్కో రిక్వెస్టు కనెక్షన్‌ని 20 మిల్లీసెకన్లు పట్టుకుంటే, పది కనెక్షన్లతో సెకనుకి 500 రిక్వెస్టులు దాటించొచ్చు. అదే కోడులో ఒకడు ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, మధ్యలో ఓటీపీ పంపే బయటి సర్వీసుని పిలిచి, జవాబు కోసం రెండు సెకన్లు కూర్చున్నాడనుకోండి. సెకనుకి ఐదే! క్వెరీ ఒక్క పిసరు కూడా నెమ్మదించలేదు, సైటు మాత్రం పడుకుంది. ఈ లెక్క వెనకున్న క్యూల సూత్రాన్ని జాన్ లిటిల్ 1961లో నిరూపించి పెట్టాడు.

ఆ కూర్చున్నవాణ్ణి ఎలా పట్టుకోవాలి? పోస్ట్‌గ్రెస్‌లో పీజీ_స్టాట్_యాక్టివిటీ తెరవండి. స్టేట్ కాలమ్‌లో "ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్" అని వరుసగా కనిపిస్తే అవే మన మావయ్యలు. ఎప్పటి నుంచి అలా ఉన్నాయో స్టేట్_ఛేంజ్ చెబుతుంది. ఇక్కడే ఒక తిరకాసు ఉంది. పక్కన క్వెరీ కాలమ్‌లో ఏదో అమాయకపు సెలెక్ట్ కనిపిస్తుంది, అందరూ దాని మీద పడతారు. అది ఎప్పుడో ముగిసింది. ఆఖర్న నడిచింది కాబట్టి పేరు మిగిలింది, అంతే. స్టేట్ "యాక్టివ్" అని, వెయిట్ ఈవెంట్ టైపులో "లాక్" అని ఉంటే మాత్రం ఎవరో తాళం వేసుకు కూర్చున్నారు, వాళ్లని వెతకాలి.

మందు సులువే. కమిట్ అయ్యాకే ఓటీపీ సర్వీసుని పిలవండి. అసలు ఏ కోడు అలా చేస్తోందో తెలియకపోతే, హికారీలో లీక్ డిటెక్షన్ థ్రెషోల్డ్ మామూలుగా ఆపేసి ఉంటుంది, దాన్ని 2000 మిల్లీసెకన్లకి పెట్టండి. కనెక్షన్ తీసుకుని అంతకన్నా ఎక్కువసేపు తిరిగివ్వని చోటుని స్టాక్ ట్రేస్‌తో సహా లాగ్‌లో రాసిపెడుతుంది. ఇవాళ రాత్రికి పెట్టి, రేపు పొద్దున ఆ లాగ్ పట్టుకురండి, కాఫీ తాగుతూ చూద్దాం.