కనిపించే బరువు, కనిపించని బరువు

2024 ఫిబ్రవరి 2న అమెరికాలో యాపిల్ విజన్ ప్రో హెడ్‌సెట్ అమ్మకానికి వచ్చింది. ధర 3,499 డాలర్లు. కళ్లకు ఎదురుగా చిన్న తెరలు రెండు, వాటిలో కలిపి 2.3 కోట్ల పిక్సెళ్లు. బొమ్మ అంత స్పష్టంగా ఇంతకుముందు ఏ హెడ్‌సెట్‌లోనూ చూడలేదని సమీక్షకులు మెచ్చుకున్నారు. అయినా అది ఇంటింటి వస్తువు కాలేదు. ఎందుకో తెలియాలంటే దాన్ని తలకు పెట్టుకున్న మనిషిని ఊహించుకుంటే చాలు. ఆరు వందల గ్రాములకు పైగా బరువు ముఖాన్ని పట్టుకుని ఉంటుంది. బ్యాటరీ విడిగా ఉంటుంది. దాన్ని జేబులో పెట్టుకుంటే తీగ తల దాకా పాకుతుంది. మన సినిమా ఒకటి చూసేసరికి ఛార్జింగ్ అయిపోతుంది. ఆ సినిమా అయినా ఒక్కరే చూడాలి, పక్కన కూర్చున్న ఇల్లాలికీ పిల్లలకీ అందులో చోటు లేదు. కొత్త పరికరం వచ్చినప్పుడల్లా అది ఏమేం చేయగలదో అందరూ చెబుతారు. మన దగ్గర ఏం తీసుకుంటుందన్నదే నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైన ప్రశ్న.

హెడ్‌సెట్ తీసుకునేది డబ్బు ఒక్కటే కాదు. దగ్గరి వస్తువును చూసేటప్పుడు మన కళ్లు రెండు పనులు ఒకేసారి చేస్తాయి: రెండూ దానివైపు కాస్త లోపలికి తిరుగుతాయి, కంటిలోని కటకం ఆ దూరానికి తగ్గట్టు సర్దుకుంటుంది. హెడ్‌సెట్‌లో వస్తువు దగ్గరికి వచ్చినట్టు కనిపిస్తుంది కాబట్టి కళ్లు తిరుగుతాయి, కానీ బొమ్మ ఫోకస్ మాత్రం ఎప్పుడూ ఒకే దూరంలో ఉంటుంది. పసితనం నుంచీ జంటగా నడిచిన రెండు పనులను విడదీయడం వల్ల కళ్లు అలసిపోతాయి. ఇక ఆటలో పరుగెడుతున్నట్టు కళ్లు చెబుతుంటే, కదలడమే లేదని చెవి లోపలి భాగం చెబుతుంది. కొందరికి కడుపులో తిప్పేది అందుకే. ఫేస్‌బుక్ 2014లో దాదాపు 200 కోట్ల డాలర్లకు ఆక్యులస్ అనే హెడ్‌సెట్ కంపెనీని కొని, 2021లో తన పేరునే మెటాగా మార్చుకుంది. ఆ సంస్థలో హెడ్‌సెట్ల పని చూసే విభాగం 2022లో 1,370 కోట్ల డాలర్లు, 2024లో 1,770 కోట్ల డాలర్లు నష్టపోయింది. అంత డబ్బు పోసినా జనం ముఖాన్ని అప్పగించలేదు. 2010 ప్రాంతంలో ఆర్భాటంగా వచ్చిన త్రీడీ టీవీలు 2017 నాటికి దుకాణాల నుంచి మాయం కావడానికీ కళ్లకు ప్రత్యేక అద్దాలు పెట్టుకోవలసి రావడం ఒక ముఖ్య కారణమే.

మొదటి సెల్‌ఫోన్ మాత్రం తేలికా, చవకా అని అడగవచ్చు. 1983లో వచ్చిన మోటరోలా ఫోన్ ఇంచుమించు 800 గ్రాములు, ధర 3,995 డాలర్లు. నిజమే. కానీ నడుస్తూ మాట్లాడటానికి అప్పట్లో దానికి సాటి వచ్చేది మరొకటి లేదు, అందుకే అవసరమున్నవాళ్లు ఆ బరువు మోశారు. హెడ్‌సెట్ చేసే పనుల్లో చాలావాటికి చేతిలో ఫోనూ గోడకు టీవీ ఇప్పటికే ఉన్నాయి. శస్త్రచికిత్స నేర్చుకునే వైద్యుడికి, విమానం నడపడం నేర్చుకునే వ్యక్తికి సంగతి వేరు. తప్పు చేసినా ప్రాణం పోని చోటు వాళ్లకు కావాలి. అక్కడ వర్చువల్ రియాలిటీ విలువను నేను తక్కువ చేయను. అది పనిముట్టుగా నిలుస్తుంది.

ఇప్పుడు ఏఐ సంగతి చూడండి. 2022 నవంబర్ 30న వచ్చిన చాట్‌జీపీటీకి కొత్త వస్తువేదీ కొనక్కర్లేదు. ఉన్న ఫోన్‌లోనే, ఉన్న భాషలోనే, పైసా ఇవ్వకుండా మొదలుపెట్టవచ్చు. అదే ఏఐని చొక్కాకు తగిలించుకునే బిళ్లగా మార్చి హ్యుమేన్ అనే కంపెనీ 2024లో 699 డాలర్లకు, నెలకు మరో 24 డాలర్ల చందాతో అమ్మింది. ఏడాది తిరక్కుండానే ఆస్తులను హెచ్‌పీకి అమ్మేసింది. 2025 ఫిబ్రవరి చివరికి కొన్నవాళ్ల చేతిలోని బిళ్లలు పనిచేయడం మానేశాయి. తెలివి ఒకటే అయినా, అడిగిన మూల్యం వేరు. జనం ఆ తేడాను పట్టేశారు.

అయితే ఏఐ ఏమీ తీసుకోదనుకుంటే పొరపాటు. అది తీసుకునేది సరిచూసుకునే శ్రమ, అది బరువుగా తగలదు. ఇలాంటి యంత్రం చదివిన కోట్ల వాక్యాల ఆధారంగా తర్వాత ఏ మాట రావాలో అంచనా వేస్తూ పోతుంది. తెలంగాణలో ఒక రైతు కొడుకు, పాసుపుస్తకంలో విస్తీర్ణం తప్పు పడింది, ఎలా సరిచేయించాలని తెలుగులో అడిగాడనుకోండి. 2020లో వచ్చిన భూ రికార్డుల పోర్టల్ ధరణి స్థానంలో 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది. అంతకుముందు నాలుగున్నరేళ్ల పాటు జనం రాసిందంతా ధరణి గురించే. పైగా ఇక్కడి పహాణీ ఆంధ్రప్రదేశ్‌లో అడంగల్, అక్కడి వెబ్‌సైటు వేరు, దరఖాస్తు పద్ధతి వేరు. పాత పోర్టల్ మెట్లను, పక్క రాష్ట్రం పద్ధతిని కలిపి చెప్పినా జవాబు అంతే సాఫీగా, అంతే మర్యాదగా ఉంటుంది. తడబాటు వినిపించదు. ఇంగ్లీషుతో పోలిస్తే అది చదివిన తెలుగు చాలా తక్కువ కాబట్టి ఈ ప్రమాదం మనకు మరింత ఎక్కువ.

రోజురోజుకీ ఇవి మెరుగవుతున్నాయి, ఇప్పుడు ఇంటర్నెట్‌లో వెతికి మరీ చెబుతున్నాయి, తప్పులు మనుషులూ చేస్తారు కదా అనేవాళ్లున్నారు. మెరుగవుతున్న మాట వాస్తవం. ఇంగ్లీషు నోటీసు చేతపట్టుకుని ఎవరిని బతిమాలాలో తెలియని మనిషికి అందులో ఏముందో సొంత భాషలో వినిపించడం చిన్న మేలు కాదు, ఆ మేలు ఆగకూడదు. కానీ తప్పులు తగ్గేకొద్దీ మన జాగ్రత్త కూడా తగ్గుతుంది. 2023లో న్యూయార్క్ కోర్టు ఇద్దరు లాయర్లకు, వాళ్ల సంస్థకు కలిపి 5,000 డాలర్ల జరిమానా వేసింది. చాట్‌జీపీటీ కల్పించిన తీర్పులను నిజమైనవని కోర్టు ముందు పెట్టారు. చదువుకున్న వృత్తినిపుణులే సరిచూడలేదు. మనుషుల తప్పుకు బాధ్యులుంటారు. గుమాస్తా తప్పు చెబితే మర్నాడు వెళ్లి నిలదీయవచ్చు. యంత్రం మాటకు ఎవరు పూచీ? 2024లో కెనడాలో ఒక ట్రైబ్యునల్ దీనికి స్పష్టంగా జవాబిచ్చింది. చాట్‌బాట్ తప్పు చెప్పి ప్రయాణికుడికి నష్టం చేసినప్పుడు, ఆ మాటలకు తాము బాధ్యులం కామన్న ఎయిర్ కెనడా వాదనను కొట్టేసి పరిహారం ఇప్పించింది.

మన దగ్గరా ఆ పద్ధతే రావాలి. బ్యాంకైనా ప్రభుత్వ శాఖైనా తెలుగులో జవాబు చెప్పే ఏఐని జనం ముందు పెడితే, ఆ జవాబు ఏ తేదీ నాటి నిబంధన ప్రకారమో, ఏ రాష్ట్రానికి వర్తిస్తుందో, అసలు పత్రం ఎక్కడుందో అదే తెర మీద చూపించాలి. తప్పయితే ఎవరికి ఫిర్యాదు చేయాలో, ఎన్ని రోజుల్లో సరిచేస్తారో కూడా అక్కడే రాసి ఉండాలి.