బండిలో పసుపు దీపం వెలిగిందా? సెన్సారు కొనే ముందు ఆగండి

టమాటా క్రేట్లు ఎక్కించుకుని తెల్లారేసరికి మదనపల్లె మార్కెట్టుకు చేరాలని బయల్దేరతారు. దారిలో మీటరు బోర్డు మీద ఇంజిను బొమ్మ దీపం వెలుగుతుంది. ఎంత తొక్కినా బండి లాగదు. మీరు చేరేసరికి వేలం అయిపోతుంది.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధన అమల్లోకి వచ్చింది. ఆ తర్వాత వచ్చిన పికప్ బళ్లలో డీజిలు ఎంత కొట్టాలో తేల్చేది ఈసీయూ అనే చిన్న కంప్యూటరు. సెన్సార్లు చెప్పే లెక్క తప్పితే అది ఆ తప్పును నంబరుగా దాచుకుని దీపం వెలిగిస్తుంది. స్టీరింగు కింద 16 పిన్నుల సాకెట్టుకు స్కానరు తగిలిస్తే ఆ నంబరు కనబడుతుంది. చిక్కంతా ఇక్కడే. నంబరు జబ్బు ఎటువైపు ఉందో చెబుతుందే గాని ఏ సామాను మార్చాలో చెప్పదు.

మాకు తెలిసిన రైతు ఒకాయన బండిని గడ్డివాము పక్కన నిలిపేవారు. స్కానరులో పీ0118 వచ్చింది. అంటే ఇంజిను నీళ్ల వేడి చెప్పే సెన్సారు లైనులో తేడా. మెకానిక్కు సెన్సారు మార్చేశాడు. మర్నాడే దీపం మళ్లీ వెలిగింది! ఇంకో మెకానిక్కు స్కానరులో నడిచే అంకెలు చూస్తే వేడి మైనస్ 40 డిగ్రీలట. మే నెల ఎండలో! వైరు తెగితే చాలా బళ్లలో ఇలాగే చూపుతుంది. బానెట్టు ఎత్తి చూస్తే ఎలుక కొరికిన వైరు. కొత్త సెన్సారు డబ్బులు దండగే కదా.

పీ0087 అయితే డీజిలు ప్రెషరు చాలడం లేదని. వెంటనే పంపు మార్చడానికి ఒప్పుకోకండి. ఫిల్టరు పూడిందేమో, డ్రమ్ములో నిలవబెట్టిన డీజిలులో నీరు చేరిందేమో ముందు చూపించండి. ఫిల్టరుకు వందల్లో పోతే పంపుకు వేలల్లో పోతుంది. పాత ఇంజిన్లలో మాదిరి ఇంజెక్టరు నట్టు వదులు చేసి గాలి తీయబోకండి. టైర్లో ఉండేది మూడు నాలుగు బార్ల గాలి. ఈ పైపుల్లో ప్రెషరు 1000 బార్లు దాటుతుంది, చిమ్మితే చర్మంలోకి దిగుతుంది.

కొందరు స్కానరుతో నంబరు చెరిపేసి ‘బాగైంది’ అంటారు. దాంతో తప్పు జరిగినప్పటి వివరాలూ పోతాయి. చెరపక ముందే నంబరు బిల్లు మీద రాయించుకోండి.

50 హార్స్‌పవర్ లోపు ట్రాక్టర్లలో ఎక్కువ వాటికి ఈ బాధ లేదు. అంతకు మించిన వాటికి 2023 జనవరి నుంచి ట్రెమ్-4 నిబంధన వచ్చింది, ఈసీయూ కూడా వచ్చింది. అలాంటిది కొనేముందు దానికి సరిపడే స్కానరు దగ్గర్లో ఎక్కడుందో డీలరును అడగండి.