లినక్స్: మొదటిసారి ఏది ఎన్నుకొనవలెను?

2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసినది. విండోస్ 11కు టి.పి.ఎం. 2.0 అను భద్రతా సాధనము, ఇటీవలి ప్రాసెసరు కావలెను. ఈ కారణమున, చక్కగా పనిచేయుచున్న పాత కంప్యూటర్లు అనేకము మూలపడు ప్రమాదమున్నది. వానిని నిలుపుకొను మార్గములలో లినక్స్ ఒకటి. కాని దానిని వేయబూనిన విద్యార్థికి ఆరంభములోనే చిక్కు. ఉబుంటు, మింట్, డెబియన్, ఫెడోరా, ఆర్చ్ - ఇన్ని పేర్లలో ఏది వేయవలెను?

1991లో ఫిన్లాండు దేశమున హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ వ్రాసినది కెర్నల్ మాత్రమే. కెర్నల్ అనగా ప్రాసెసరును, మెమరీని, డిస్కును వేర్వేరు ప్రోగ్రాములకు పంచియిచ్చు కేంద్రభాగము. దానితోనే పని జరుగదు. ఫైళ్లకు నకలు తీయుట వంటి పనులకు ఉపకరణములు కావలెను. వీనిలో ముఖ్యమైనవి రిచర్డ్ స్టాల్మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రణాళికనుండి వచ్చినవి. మన కంటికి కనబడు మెనూలు, కిటికీలు మరొక భాగము. దానిని డెస్క్‌టాప్ అందురు. ఇవన్నియు కూర్చి, పరీక్షించి, ఒక కట్టగా ఇచ్చునదే డిస్ట్రో. ప్రోగ్రాముల మూలరూపము అందరికిని తెరచియుండుటచేత ఎవరికి తోచినట్లు వారు కూర్చుకొనవచ్చును. ఒకే వడ్లనుండి బియ్యము, అటుకులు, పేలాలు వచ్చుట లేదా?

కనుక రూపము మార్చుకొను స్వేచ్ఛ ఏ ఒక్క డిస్ట్రో సొత్తును కాదు. ఈ సంగతి తెలియక కొందరు విద్యార్థులు నేరుగా ఆర్చ్ జోలికి పోవుదురు. అందులో దాదాపు ఖాళీ వ్యవస్థతో మొదలిడి, భాగములను తామే ఏరి చేర్చుకొనవలెను. నేర్చుకొనుటకు అది మంచిదే. రేపు ప్రశ్నపత్రము అచ్చువేయవలసిన యంత్రముపై మాత్రము వలదు. మింట్‌లోను పట్టీలు, అక్షరములు, మీటల పనులు మార్చుకొనవచ్చును; కావలెనన్న డెస్క్‌టాప్‌నే మార్చవచ్చును.

అసలు భేదము మార్పులు వచ్చు తీరులో ఉన్నది. ఆర్చ్‌లో కొత్త ప్రోగ్రాములు ఎడతెగక వచ్చుచుండును. డెబియన్ స్థిర సంచిక సుమారు రెండేండ్లకొకసారి వెలువడును. నడుమ భద్రతా సవరణలు, పెద్ద లోపముల దిద్దుబాట్లు మాత్రమే. ఉబుంటు దీర్ఘకాలిక సంచిక రెండేండ్లకొకటి వచ్చును, దానికి అయిదేండ్ల మద్దతు. మింట్ ప్రధాన సంచిక దీనిపైననే కట్టబడినది. కేరళ ప్రభుత్వ పాఠశాలలలో వాడు కైట్ లినక్స్‌కును ఉబుంటుయే ఆధారము. 4 జి.బి. మెమరీ గల పాత యంత్రమునకు నేను ఎక్స్‌ఎఫ్‌సిఇ డెస్క్‌టాప్ గల మింట్‌నే సూచింతును. అది తేలిక.

అయినను వేయుటకు ముందు చూడవచ్చును గదా! డిస్ట్రోను పెన్‌డ్రైవ్‌పైకి ఎక్కించి, కంప్యూటరును దానినుండియే నడపవచ్చును. అప్పుడు ప్రోగ్రాములు పెన్‌డ్రైవ్‌నుండి చదువబడును. మనము చేసిన మార్పులు మెమరీలో మాత్రమే నిలిచి, ఆపివేయగనే పోవును. మనము ముట్టనంతవరకు డిస్కులోని ఫైళ్లకు మార్పురాదు. వైఫై అందుచున్నదా? ప్రింటరు పలుకుచున్నదా? ‘స్త్రీ’, ‘లక్ష్మి’ అని టైపుచేసిన ఒత్తులు సరిగా పడుచున్నవా? ఇవి చూచుటకు ఒక పూట చాలును. పిదప ఫైళ్లన్నింటిని వేరొక డిస్కులోనికి నకలు తీసి, ఆ నకలు తెరచుకొనుచున్నదని చూచుకొనిన తరువాతనే స్థాపన మొదలిడవలెను. ఏలయన అందులో ‘డిస్కు అంతయు తుడిచివేయుము’ అను ఎంపిక ఒకటి ఉండును.