ఉద్దానపు ఇండ్లలో ఎముకల బలము

శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానమనగానే కొబ్బరితోటలు, జీడితోటలు కన్నులకు గట్టును. కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతములందు 1990 దశకమునుండి మూత్రపిండముల వ్యాధి పెక్కు కుటుంబములను పీడించుచున్నది. మూలకారణ మింకను తేలలేదు. రోగికి నడుము, కాళ్లు నొచ్చినపుడు ఎముకలకు బలము చాలలేదని తలచి, జింకు, రాగి, మాంగనీసు, మెగ్నీషియము కలిపిన మాత్రలు కొని యియ్యబోవుట ఇల్లాలికి సహజము. ప్రేమతో చేయు పనియే. కాని యందు ప్రమాదము గలదు.

సోదరీమణులారా, ఈ ఎముకల క్షీణత కేవలము తిండిలోపమువలన పుట్టినది కాదు. మూత్రపిండము రక్తమును వడగట్టుటయే గాక, విటమిను డి ని దేహమునకు పనికివచ్చు రూపమునకు మార్చును. మిగిలిన భాస్వరమును వెడలగొట్టును. అది చెడినచో భాస్వరము పెరుగును, కాల్షియమను సున్నపుధాతువు తగ్గును. అంతట కంఠమునందు బియ్యపుగింజలంతేసి యుండు నాలుగు గ్రంథులు విజృంభించి, ఎముకలలోని కాల్షియమును లాగి రక్తములో కలుపును. ఇంటిఖర్చునకై గోడ యిటుకలు పెరికి యమ్ముకొన్నట్లే!

వడగట్టు శక్తి సన్నగిల్లినవారికి మెగ్నీషియమువంటివి దేహమునందే పేరుకొనును. జింకు మితిమీరినచో ఎముకల యల్లికకు కావలసిన రాగిని ప్రేగులు గ్రహింపనీయదు. పూర్వము భాస్వరమును తగ్గించుటకై వైద్యులే అల్యూమినియపు మందు లిచ్చెడివారు. ఆ లోహమే ఎముకలలో చేరి వానిని మెత్తబఱచునని 1970, 1980 దశకములలో తెలిసి, ఆ వాడుకను చాలవఱకు మానిరి. కడుపుమంటకు త్రాగు కొన్ని తెల్లమందులలో నేటికిని అల్యూమినియము, మెగ్నీషియము రెండును గలవు.

మఱి చోడి అంబలి మాటేమి? ఆరోగ్యవంతులకు అంతకు మించిన దేమున్నది! 100 గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియము గలదు. అయితే భాస్వరమును గలదు గనుక, రోగి కెంత పెట్టవలెనో రక్తపరీక్ష చూచియే నిర్ణయింపవలెను. పెరటి కొబ్బరిబోండమువిషయమున మఱింత మెలకువ వలెను: అందలి పొటాసియము రక్తములో హెచ్చినచో గుండెకే ముప్పు.

రక్తములోని భాస్వరమును కొలుచు ప్రసిద్ధ పద్ధతిని ఫిస్కేతో గూడి 1925లో ప్రకటించినవారు భీమవరమున పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారే. నేడు ఉద్దానమువారు పరీక్షలకై విశాఖపట్టణమువఱకు పోనక్కఱలేకుండ, పలాసలో 2023 డిసెంబరునందు 200 పడకల మూత్రపిండముల ఆసుపత్రి ప్రారంభమైనది. పోవునపుడు ఇంటనున్న మాత్రల సీసాలు, చూర్ణపు డబ్బాలు అన్నియు సంచిలో వేసికొనిపోయి వైద్యునికి చూపుడు. కాల్షియము, భాస్వరము, విటమిను డి, ఆ కంఠగ్రంథుల రసము, ఈ నాలుగు పరీక్షలనుగూర్చి యడుగుడు.