మేరువు, హోరాయ్, సుఖావతి: జపాన్ తోటల అంతరార్థం

జపాన్‌లోని పాత ఆలయాల తోటల్లో కనిపించే చెరువు, దాని నడుమ దీవి, గట్టున నిలబెట్టిన రాళ్లు కేవలం కంటికి ఇంపుగా ఉండాలని కూర్చినవి కావు. అవి శతాబ్దాల తరబడి పేరుకున్న మతవిశ్వాసాలకు రూపాలు, పైగా కొత్త విశ్వాసం వచ్చినప్పుడల్లా పాతదాన్ని తుడిచిపెట్టకుండా దాని పక్కనే చోటు చేసుకోవడం ఆ తోటల ప్రత్యేకత. అన్నిటికన్నా అడుగున ఉన్నది ఆ దేశపు సొంత సంప్రదాయమైన షింటో. దాని ప్రకారం దేవతలు కొన్ని పెద్ద బండల మీదికి దిగివస్తారు గనుక అటువంటి బండను 'ఇవాకురా' అని పిలిచి, గడ్డితాడు చుట్టి పూజించే ఆచారం ఏర్పడింది.

మేరువు అక్కడికి చేరిన కథ విచిత్రమైనది. క్రీ.శ. 720లో పూర్తయిన 'నిహోన్ షోకి' అనే చరిత్ర గ్రంథం ప్రకారం, సుయికో రాణి ఏలుబడిలో, 612లో, కొరియాలోని పెక్చే రాజ్యం నుంచి వచ్చిన ఒక వ్యక్తిని, ఒంటి మీద తెల్లమచ్చలున్నాయన్న ఏవగింపుతో సముద్రంలోని ఒక దీవిలో వదిలేయబోగా, కొండల ఆకృతులు కట్టే విద్య తనకు వచ్చని అతడు మొరపెట్టుకోవడంతో, అతని చేత రాజభవనపు దక్షిణ ప్రాంగణంలో సుమేరు పర్వతాన్నీ చైనా తరహా వంతెననూ కట్టించారు. భారతీయులు లోకానికి ఇరుసుగా భావించిన ఆ కొండ తరువాతి కాలంలో కొన్ని తోటల్లో నిటారుగా నిలిపిన నడిమి రాయిగా స్థిరపడింది.

చైనా నుంచి తావో మతస్థుల నమ్మకం వచ్చింది. తూర్పు సముద్రంలో చావులేని సిద్ధులు నివసించే దీవులున్నాయనీ, వాటిని పెద్ద తాబేళ్లు మోస్తున్నాయనీ చెప్పుకున్న కాలంలో, హాన్ వంశపు వూ చక్రవర్తి చాంగాన్ నగరంలో చెరువు తవ్వించి ఆ దీవులను నమూనాగా కట్టించాడు. వాటిలో ముఖ్యమైనది జపాన్‌లో 'హోరాయ్' అయింది; దీర్ఘాయువుకు గుర్తులైన తాబేలు, కొంగల ఆకారంలో రాళ్లు పేర్చిన దీవులు దానికి తోడుగా వచ్చాయి.

విశ్వాసానికి తోటలో రూపమిచ్చే ధోరణికి పరాకాష్ఠ క్యోటో సమీపంలోని ఉజి పట్టణంలో ఉన్న బ్యోదోయిన్ ఆలయం. బుద్ధుడు నిర్యాణం చెందిన రెండు వేల ఏళ్లకు ధర్మం క్షీణించే యుగం మొదలవుతుందని, అది 1052లోనే వచ్చిపడిందని జపాన్ ప్రజలు నమ్మిన సమయంలో, దేశాన్ని నడిపిస్తున్న ఫుజివారా నో యోరిమిచి తన తండ్రి నాటి విలాసగృహాన్ని ఆలయంగా మార్చి, మరుసటి ఏడు అమితాభ బుద్ధుడి మందిరాన్ని పూర్తిచేశాడు. పడమటి దిక్కున ఉండే అమితాభుడి స్వర్గం సుఖావతి; అక్కడి కొలనులో తామరపువ్వులో పుట్టాలన్నది భక్తుల కోరిక. అందుకే మందిరాన్ని చెరువుకు పడమటి గట్టున, తూర్పు ముఖంగా కట్టారు. ఎదుటి గట్టున నిలిచి మొక్కేవారు తమకు తెలియకుండానే పడమటికి తిరుగుతారు. మందిరపు జాలీ తలుపులో వదిలిన గుండ్రని ఖాళీలోంచి, జోచో అనే శిల్పి చెక్కిన అమితాభుడి ముఖం నీటికి అవతలి వారికి కనిపిస్తుంది. లోపలి గోడల మీద మేఘాలెక్కి వాద్యాలు వాయిస్తూ, నాట్యమాడుతూ 52 బోధిసత్త్వులున్నారు. ఇరువైపులా రెక్కల్లా చాచిన వసారాల పై అంతస్తు మనిషి నిటారుగా నిలబడలేనంత పొట్టిది. ఆ అంతస్తు వాడుకకు కాదు, చెరువు ఆవల నుంచి చూసేవారి కోసమే ఉంది. స్వర్గాన్ని కట్టదలచినవాడికి అది వృథా ఖర్చు అనిపించి ఉండదు.

తోటల నిర్మాణంపై 11వ శతాబ్దిలో వెలువడిన 'సకుతెయికి'ని ఈ యోరిమిచి కుమారుడు తచిబానా నో తోషిత్సునాయే రాశాడని సంప్రదాయం చెబుతుంది. ప్రకృతిలో నిలబడి ఉన్న రాయిని తెచ్చి పడుకోబెడితే ఇంటికి కీడు తప్పదని, తూర్పున పుట్టి ఇంటి కిందుగా నైరుతికి పారే నీరు దుష్టశక్తులను కడిగేస్తుందని అది హెచ్చరికలతో, అభయాలతో నిర్దేశిస్తుంది. వాస్తు శాస్త్రం ఎరిగినవారికి ఆ స్వరం కొత్తగా అనిపించదు. నీరు లేనిచోట రాళ్లతోనే కొండా కోనా కల్పించే 'కరెసాన్సుయి' అన్న మాటా ఆ గ్రంథంలోనే ఉంది.

ఆ పద్ధతిని తమదిగా చేసుకున్నది జెన్ బౌద్ధులు. క్యోటోలో 1509లో స్థాపించిన దైసెన్‌ఇన్ మఠంలో, గురువు నివాసాన్ని ఆనుకుని ఉన్న సన్నని జాగాలో, రాతి జలపాతం నుంచి తెల్లని కంకర 'నది' బయలుదేరి, వంతెన కింది నుంచి దూరి, పడవ ఆకారపు రాయిని దాటి, దక్షిణాన 'సముద్రం'లో కలుస్తుంది. ఎగువన నిలిచినది హోరాయ్ కొండ, పక్కన కొంగ, తాబేలు దీవులు. అమరత్వం కోరిన తావో చిహ్నాలను, అన్నీ అనిత్యమని బోధించే మఠం పక్కన పెట్టలేదు. ర్యోఆన్‌జీ ఆలయంలోని 15 రాళ్ల తోటకు అంతకన్నా పేరున్నా, దాన్ని ఎవరు, ఏ ఉద్దేశంతో కూర్చారో చెప్పే పత్రమేదీ మిగల్లేదు. ఏ చోట కూర్చున్నా కనీసం ఒక రాయి మరుగున పడుతుందన్న దాని ఏర్పాటు నుంచి గంభీరమైన తత్వాలెన్నో లాగుతున్నారు గాని, వాటిలో చాలావరకు తోటకన్నా ఎంతో చిన్నవయసువి.