పాత ఇల్లు కొనేముందు

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్నారు పెద్దలు. కట్టే శ్రమకు ఓర్వలేక నేడు మనలో చాలామంది కట్టిన ఇంటినే కొంటున్నాము. పదవీ విరమణకు నాలుగైదేళ్ల ముందు, క్వార్టరు ఖాళీ చేయవలసిన రోజు దగ్గర పడుతుండగా, పట్టణంలో ఇరవయ్యేళ్ల నాటి ఫ్లాటు ఒకటి చూసి, జీవితకాలపు పొదుపును అందులో పెట్టడం మన ఉద్యోగులలో సాధారణమైంది.

కర్మాగారంలో చిన్న పంపును తీసుకునేటప్పుడు కూడా మనం ఇన్‌స్పెక్షన్ నివేదిక అడుగుతాము. బేరింగు ఎప్పుడు మార్చారో హిస్టరీ కార్డులో చూస్తాము. అటువంటి మనమే లక్షల రూపాయల ఇంటిని ఒక ఆదివారం సాయంత్రం అరగంటసేపు చూసి, తూర్పు ముఖమో కాదో తేల్చుకొని, బయానా ఇచ్చి వస్తాము. ఈ మాట ఎవరినో ఆక్షేపించడానికి కాదు. మేమూ అదే చేశాము.

మా అనుభవం

2009లో విశాఖపట్నంలో, సముద్రతీరానికి సుమారు ఒక కిలోమీటరు దూరంలో, 1994లో కట్టిన భవనంలో పై అంతస్తు ఫ్లాటును 18 లక్షల రూపాయలకు కొన్నాము. ఇల్లంతా కొత్త రంగుతో మెరుస్తోంది. హక్కు పత్రాలను న్యాయవాదికి చూపించాము. వాస్తు తెలిసిన పెద్దలకు ఇల్లు చూపించాము. ఇంజనీరుకు మాత్రం చూపించలేదు. ఇంజనీరు ఇంట్లోనే ఉన్నాడు కదా అని ధీమా!

రెండవ వర్షాకాలంలో పడకగది స్లాబుకు చెమ్మ దిగింది. మూడవ ఏట ఒక ఉదయం బాల్కనీ పైకప్పు నుండి అరచేయంత పెచ్చు ఊడి, మా అమ్మగారు రోజూ కూర్చుని బియ్యం ఏరుకునే చోట పడింది. ఆనాడు ఆమె పూజ ఇంకా ముగియలేదు కనుక అపాయం తప్పింది. ఊడిన చోట బయటపడిన ఇనుప చువ్వ పొరలు పొరలుగా రాలుతోంది. స్లాబు మరమ్మతు, మేడపైన నీటి నిరోధక పూత, తుప్పు పట్టిన నీటి గొట్టాల మార్పిడి అన్నీ కలిపి నాలుగేళ్లలో 3,40,000 రూపాయలు ఖర్చయ్యాయి. అమ్మాయి చదువు కోసం ముట్టకుండా ఉంచిన పి.ఎఫ్. సొమ్ములో కొంత దీనికి పోయింది.

మమ్మల్ని ఎక్కువగా బాధించినది ఆ ఖర్చు కాదు. తరువాత కింద కారు నిలిపే చోట దూలాలను చూస్తే, అడుగున తుప్పు చారలు, చువ్వల వెంబడి పగుళ్లు స్పష్టంగా కనిపించాయి. అవి కొన్న రోజున కూడా ఉండే ఉంటాయి. మేము తల ఎత్తి చూడలేదు.

చట్టం ఏమంటుంది?

1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 55వ సెక్షను ప్రకారం, ఆస్తిలోని ముఖ్యమైన లోపం తనకు తెలిసి, కొనేవారికి తెలియనప్పుడు అమ్మేవారు దానిని వెల్లడించాలి. అయితే అందులో ఒక షరతు ఉన్నది. కొనేవారు సాధారణ జాగ్రత్తతో కనిపెట్టలేని లోపానికే ఆ బాధ్యత వర్తిస్తుంది. తల ఎత్తితే కనబడే పగులును చూడకపోవడం మన తప్పు అవుతుంది.

కొత్త ఫ్లాటు కొనేవారికి 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం, అంటే 'రెరా', కొంత రక్షణ ఇచ్చింది. స్వాధీనం చేసిన తేదీ నుండి అయిదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడి, దానిని నిర్మాత దృష్టికి తెస్తే, 30 రోజులలో ఉచితంగా సరిచేయాలి. ఇరవయ్యేళ్ల ఫ్లాటును ఒక గృహస్థు వద్ద కొనేవారికి ఈ రక్షణ ఉండదు. బ్యాంకు పంపే వాల్యూయర్ చూసేది కూడా ఇచ్చే అప్పుకు ఆ ఆస్తి చాలునా అన్న సంగతే. మన ఇంటి గొట్టాల వయస్సు ఆయన నివేదికలో సాధారణంగా ఉండదు.

కాంక్రీటుకు కూడా వయస్సున్నది

కాంక్రీటులోని ఇనుము తుప్పు పట్టకుండా కాపాడేది సిమెంటు క్షారగుణమే. పి.హెచ్. విలువ 12కు పైన ఉన్నంతవరకు చువ్వ చుట్టూ కంటికి కనబడని రక్షణ పొర నిలిచి ఉంటుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి లోపలికి ఇంకుతూ ఆ విలువను 9 దిగువకు తెస్తుంది. తీరప్రాంతంలోనైతే ఉప్పుగాలిలోని క్లోరైడులు క్షారగుణం తగ్గకముందే ఆ పొరను ఛేదిస్తాయి. తుప్పు, తాను పుట్టిన ఇనుము కంటే కనీసం రెట్టింపు చోటును ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి ముందు పగులు వస్తుంది, ఆపైన పెచ్చు ఊడుతుంది. పైన సిమెంటు పూసి రంగు వేసినంత మాత్రాన లోపలి తుప్పు ఆగదు.

అందుచేత కట్టిన సంవత్సరం అడగడం ముఖ్యం. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 456ను 2000లో సవరించినప్పుడు ఇనుము వాడే కాంక్రీటుకు కనీస శ్రేణిని ఎం-15 నుండి ఎం-20కి పెంచారు. తీరప్రాంతపు తీవ్ర పరిస్థితులకు ఎం-30 శ్రేణిని, చువ్వపైన 45 మిల్లీమీటర్ల కవరును నిర్దేశించారు. 2001 జనవరి 26 నాటి భుజ్ భూకంపంలో, ఎంతో దూరాన ఉన్న అహ్మదాబాదులో సైతం, కింద కార్ల కోసం గోడలు లేకుండా వదిలిన భవనాలు అనేకం కూలాయి. 2002లో వెలువడిన ఐ.ఎస్. 1893 అటువంటి అంతస్తులకు ప్రత్యేక నిబంధనలు చేర్చింది. అంతకు పూర్వం కట్టినవన్నీ బలహీనమని దీని అర్థం కాదు. వాటిని మరింత శ్రద్ధగా చూడాలని మాత్రమే. ముంబయిలో 30 ఏళ్లు దాటిన భవనాలకు నిర్మాణ స్థిరత్వ పరీక్ష జరిపించాలని నగరపాలక చట్టమే చెబుతోంది.

ఏ భాగం ఎంతకాలం?

ఇల్లు ఒకే వస్తువు కాదు. వేర్వేరు ఆయుర్దాయాలున్న భాగాల కూర్పు. దిగువ ఇచ్చినవి అనుభవంలో తేలిన స్థూలమైన అంచనాలు. నీటి గుణాన్ని, వాడకాన్ని, పనితనాన్ని బట్టి ఇవి మారుతుంటాయి.

బయటి గోడల రంగు: 4 నుండి 6 సంవత్సరాలు.
మేడపైన నీటి నిరోధక పూత: 5 నుండి 8.
నీటి మోటారు: 8 నుండి 10.
గీజరు: 8 నుండి 12, ఉప్పునీటి బోరైతే ఇంకా తక్కువ.
జి.ఐ. నీటి గొట్టాలు: 15 నుండి 20.
విద్యుత్ తీగలు: 20 నుండి 25.
లిఫ్టు: 20 నుండి 25.

ఈ పట్టికను చూస్తే ఒక సంగతి బోధపడుతుంది. ఇరవయ్యేళ్ల ఇంట్లో గొట్టాలు, తీగలు, లిఫ్టు ఇంచుమించు ఒకే సమయానికి చివరి దశకు వస్తాయి. సరిగ్గా ఆ సమయానికే చాలా ఇళ్లు అమ్మకానికి వస్తుంటాయి.

ఒక పూట పరిశీలన

వెళ్లేది పగటివేళ, వీలైతే వాన కురిసిన మరునాడు వెళ్లాలి. వెంట టార్చిలైటు, చిన్న సుత్తి ఉంటే చాలు. ఫ్లాటులోకి కాక, ముందు రంగు వేయని చోట్లకు వెళ్లాలి: కార్లు నిలిపే చోటి స్తంభాలు, మెట్ల అడుగు భాగం, మేడపైన నీటి ట్యాంకు కింది వైపు. సుత్తితో మెల్లగా తడితే డొల్ల శబ్దం వచ్చిన చోట కాంక్రీటు పొర విడిపోయిందని అర్థం. గోడకూ దూలానికీ నడుమ సన్నని అడ్డగీత వంటి పగులు చాలా ఇళ్లలో ఉంటుంది, దానికి భయపడనక్కరలేదు. చువ్వ వెంబడి సాగే పగులు, తుప్పు చార, స్తంభంపైన ఏటవాలు పగులు కనిపిస్తే స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవకుండా ముందుకు పోరాదు. ఆయన ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లి చూస్తారు. క్షారగుణం మిగిలి ఉన్న కాంక్రీటు గులాబీ రంగుకు మారుతుంది; పోయినచోట రంగు రాదు.

లోపల అన్ని కుళాయిలూ ఒకేసారి తిప్పి ధార చూడాలి. స్నానాల గదుల సంగతి కింది ఇంటివారిని అడగాలి. మన పైకప్పు గురించి అమ్మేవారు చెప్పకపోవచ్చు గాని, మన స్నానాల గది గురించి కింది ఇల్లాలు తప్పక చెబుతుంది! తలుపు చట్రాల అడుగున చెదల మట్టిదారులు వెదకాలి. విద్యుత్ బోర్డు తెరిపించి, పాత ఫ్యూజులా, ఎం.సి.బి.లా, షాకు నుండి కాపాడే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఉన్నదా, ఎర్తింగు తీగ ప్రతి ప్లగ్గుకూ వచ్చిందా అన్నది లైసెన్సున్న ఎలక్ట్రీషియను చేత చూపించాలి. నివాసుల సంఘం గత మూడేళ్ల జమాఖర్చులు, సమావేశపు మినిట్సు అడిగి చదవాలి. 'లిఫ్టు మార్పిడి వాయిదా వేయడమైనది' అన్న ఒక్క వాక్యం వేల రూపాయల కబురు.

బేరానికి ఒక లెక్క

తీగల మార్పిడికి 1,50,000 రూపాయలు అవుతుందని ఎలక్ట్రీషియను చెప్పాడనుకుందాము. తీగల ఆయుర్దాయం 25 ఏళ్లు, ఇల్లు కట్టి 20 ఏళ్లు. అంటే అయిదింట నాలుగు వంతులు, 1,20,000 రూపాయల విలువను, అమ్మేవారు అప్పటికే వాడుకున్నారు. వారు వాడుకున్నదానికి మనం కొత్త ధర ఎందుకివ్వాలి? ప్రతి భాగానికీ ఇలా లెక్కకట్టి, కాగితంపైన పెట్టి మాట్లాడాలి. అడిగిన ధరకు ఈ మొత్తం కలిపితేనే ఇంటి అసలు ధర తెలుస్తుంది.

2022లో మా సెక్షనులోని ఒక సహోద్యోగి, విరమణకు ఏడాది ముందు, 2001లో కట్టిన ఫ్లాటు ఒకటి చూశారు. ధర మాట్లాడుకున్నాక పరీక్షలంటే బాగుండదేమోనని ఆయన మొహమాటపడ్డారు. అయినా ఒక ఉదయం మేమిద్దరం వెళ్లి మూడు గంటలు చూశాము. స్తంభాలు బాగున్నాయి. గొట్టాలు, తీగలు మార్చవలసినవే. స్నానాల గది కారుతున్నదని కింది ఇంటివారు చెప్పారు. లెక్క కాగితం చూపిస్తే అమ్మేవారు మొదట చిన్నబుచ్చుకున్నా, చివరకు 2,50,000 రూపాయలు తగ్గించారు. ఆ సొమ్ముతో గృహప్రవేశానికి ముందే ఆ పనులన్నీ పూర్తయ్యాయి.

జీతం వచ్చే రోజులలో మరమ్మతు ఒక చికాకు మాత్రమే. పింఛను రోజులలో అదే మందుల ఖర్చుతో పోటీపడుతుంది. కనుక కొనబోయే ఇంటికి కూడా ఒక హిస్టరీ కార్డు రాసుకుందాము. ఏ భాగం ఎప్పటిదో, ఇంకెంతకాలం పనిచేయగలదో, ఎంత ఖర్చు కాగలదో అందులో ఉండాలి. యంత్రం విషయంలో మనం ముప్పయ్యేళ్లుగా చేస్తున్న పనే ఇది. బయానా ఇచ్చేముందు ఒక్క పూట మన ఇంటికోసం కూడా చేద్దాము.